పెరటి మామిడి ఎండిపోతుంటే: మందు కొట్టే ముందు మొదలు చూడండి

మామిడి ఏడాది పొడవునా ఆకు నిలిచే చెట్టు. టేకు, బూరుగు వేసవికి ముందు ఆకంతా దులిపేసి మళ్ళీ చిగురిస్తాయి కాబట్టి వాటికి ఏ లోపం వచ్చినా కొత్త చిగురు దగ్గరే తెలిసిపోతుంది. మామిడి అలా కాదు. దాని ముదురాకు దళసరిగా ఉంటుంది, లోపల జబ్బు ముదురుతున్నా నెలల తరబడి పచ్చగానే కనబడుతుంది. ఆకు కళ తప్పిందని మనం గమనించే నాటికి మానులోనో వేరులోనో మొదలైన నష్టం చాలా దూరం వచ్చి ఉంటుంది. అందువల్ల పైన ఆకు వాడగానే దుకాణానికి వెళ్ళి మందు తెచ్చి ఆకుల మీద కొట్టడం దాదాపు ఎప్పుడూ వృథా అవుతుంది. పరీక్ష నేల దగ్గర మొదలు కావాలి.

అంతకంటే ముందు అది జబ్బేనా అని తేల్చుకోవాలి. మామిడి లేత చిగురు రాగి రంగులో మెత్తగా, నీళ్ళు లేక వాడిపోయినట్లు కిందికి వేలాడుతుంది. కొద్ది రోజుల్లో అదే గట్టిపడి పచ్చబడుతుంది. కొత్త చిగురు వేసే వేళ లోపలి కొమ్మల ముదురాకులు పసుపెక్కి రాలడం కూడా సహజమే. ఈ రెండింటికీ మందు అక్కరలేదు.

అనుమానం ఉన్న కొమ్మను పట్టుకుని బెరడును గోటితోగాని చిన్న చాకుతోగాని కాస్త గీకి చూడండి. కింద లేత పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ చోటు చచ్చిపోయింది. చివరి నుంచి మొదలువైపు జానెడుకొకసారి గీకుతూ వస్తే పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. తరువాత మాను చుట్టూ నాలుగు దిక్కులా ఇలాగే చూడండి. మాను చుట్టుకొలతలో సగానికి పైగా బెరడు చచ్చిపోయి ఉంటే చెట్టు బతికే అవకాశం తక్కువ. చుట్టూరా చచ్చిపోయి ఉంటే ఇక ఆశ లేదు.

ఎండు ఏ వరుసలో వస్తున్నదో చూస్తే కారణం సగం తెలిసినట్లే. చెట్టంతా ఒకేసారి పలచబడి, ఆకులు చిన్నవై, చిగురు రావడం ఆగిపోతే తప్పు వేరు దగ్గర ఉంటుంది. మిగతా చెట్టు బాగానే ఉండి ఒక్క పెద్ద కొమ్మ మాత్రం వాడిపోతే ఆ కొమ్మలోనో దాని కింది మానులోనో తొలిచే పురుగు ఉందని అనుమానించాలి. రెమ్మల చివరలు ఎండి ఆ ఎండు కిందికి దిగుతూ వస్తే అది కొమ్మ ఎండు తెగులు. ముదురాకుల అంచులు మాత్రమే కాలినట్లు మాడితే నీటిలోనో నేలలోనో ఉప్పు ఎక్కువై ఉండవచ్చు. నీళ్ళు శుద్ధి చేసే యంత్రం నుంచి వచ్చే వృథా నీటిని వృథా పోనివ్వకూడదన్న మంచి ఉద్దేశంతోనే చాలామంది చెట్టు పాదులోకి వదులుతారు. ఆ నీటిలో లవణాలు పేరుకుని ఉంటాయి కనుక ఆ గొట్టాన్ని మరోవైపు మళ్ళించండి.

ఇక మొదలు సంగతి. ఊళ్ళలో, పట్టణాల్లో పెరటి మామిడిని ఎక్కువగా చంపుతున్నది పురుగు కాదు, సిమెంటు అని నా నమ్మకం. మా ఇంటి బంగినపల్లి చెట్టు చుట్టూ వాకిలి ఎత్తు చేసినప్పుడు మానును ఆనించి మూరెడు మేర మట్టి నింపి, ఆ పైన సిమెంటు పరిచారు. రెండు వేసవులు గడిచేసరికి చెట్టు పలచబడింది. మేము ఎవరో చెప్పిన మాట విని రెండుసార్లు ఆకులకు మందు కొట్టించాము, ఫలితం లేదు. చివరికి గడ్డపారతో మొదలు దగ్గర సిమెంటు పగలగొట్టి మట్టి తీస్తే, ఒకవైపు బెరడు నానిన అట్టలా మెత్తబడి వేలితో ఒత్తగానే ఊడివచ్చింది, పుల్లని కుళ్ళు వాసన కొట్టింది. మాను బెరడు మట్టిలో కప్పబడి తడిగా ఉండిపోతే కుళ్ళుతుంది. సిమెంటు కింద వేర్లకు గాలి అందదు. మేము మాను చుట్టూ నాలుగడుగుల మేర సిమెంటు తీసేసి, పాత నేల మట్టం వచ్చేవరకు మట్టి తోడి, కుళ్ళిన బెరడు చెక్కి పూత మందు వేశాము. తరువాతి వానాకాలంలో చిగురు వచ్చింది. ఒక్క కొమ్మను మాత్రం తీసేయవలసి వచ్చింది.

మీ చెట్టు దగ్గర కూడా ఇలాగే చూడండి. మాను నేలను తాకే చోట కాస్త వెడల్పై వేర్లుగా విడిపోతూ కనబడాలి. స్తంభం పాతినట్లు నిటారుగా నేలలోకి దిగిపోయి ఉంటే మట్టి ఎక్కువైందని అర్థం. సబ్బు నీళ్ళ కాలువ, మురుగు గుంట, ఈమధ్య తవ్విన గోడ పునాది కూడా గమనించండి. బట్టలు ఆరేసే ఇనుప తీగ ఎప్పుడో కట్టి మరచిపోతే అది బెరడులోకి దిగబడి కొమ్మను ఉరి వేసినట్లు చేస్తుంది.

కాండం తొలిచే పురుగు ఆనవాలు మొదట నేల మీద కనబడుతుంది. మాను కింద రంపపు పొట్టు లాంటిది రాలి ఉంటే తల ఎత్తి దానికి పైన బెరడులో కన్నం వెతకండి. కన్నం నుంచి బంక, పొట్టు కలిసి కారుతుంటాయి. పాత కన్నమా, లోపల పురుగు ఉందా అన్నది తేల్చడానికి పొట్టునంతా చీపురుతో ఊడ్చేసి మరునాడు పొద్దున చూడండి; తడి పొట్టు మళ్ళీ రాలి ఉంటే పురుగు బతికే ఉంది. సైకిల్ చువ్వలాంటి సన్నని తీగ కొస వంచి కన్నంలోకి తోసి మెల్లగా తిప్పుతూ లాగితే, మీగడ రంగులో వేలంత లావున్న పురుగు బయటికి రావచ్చు, లేదా లోపలే చితికిపోవచ్చు. ఆ తరువాత పెట్రోలులోగాని కిరసనాయిలులోగాని తడిపిన దూదిని కన్నంలో కుక్కి తడి బంకమట్టితో మూసేయాలి. ఆ పని చేస్తుండగా దగ్గర్లో నిప్పు ఉండకూడదు. వారం తరువాత మళ్ళీ చూసి, పొట్టు రాలుతుంటే ఇంకొకసారి చేయాలి. పాత పుస్తకాల్లో ఈ పనికి డైక్లోర్వాస్ వాడమని ఉంటుంది. ఆ మందు 2020 చివరి నుంచి మన దేశంలో నిషేధం, ఎవరైనా అమ్మజూపినా కొనవద్దు.

కొమ్మ ఎండు తెగులుకు మందు కంటే రంపమే ముఖ్యం. గీకి చూసినప్పుడు పచ్చదనం మొదలైన చోటుకు మరో మూడు నాలుగు అంగుళాలు లోపలికి, ఆరోగ్యమైన చెక్కలో కోయాలి. కోసిన ముఖంలో గోధుమ చారలు కనబడితే ఇంకా లోపలికి వెళ్ళాలి. కొమ్మ కొమ్మకూ మధ్య రంపాన్ని స్పిరిటుతో తుడవడం మరువకండి, లేకపోతే తెగులును మన చేతులతోనే అంటించినవాళ్ళమవుతాము. వానలో కోయకండి.

కోసిన చోట తెగులు సోకకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి చేసే బోర్డో పూత వేయాలి. ఇంటి అవసరానికి 100 గ్రాముల మైలుతుత్తాన్ని అరలీటరు నీటిలో, 100 గ్రాముల సున్నాన్ని మరో అరలీటరు నీటిలో విడివిడిగా కలిపి, రెండింటినీ ఒకేసారి మూడో పాత్రలోకి పోస్తూ కర్రతో కలియబెట్టాలి. పాత్రలు ప్లాస్టిక్‌వో మట్టివో అయి ఉండాలి, ఇనుపవి పనికిరావు. కలిసిన తరువాత మెరిసే ఇనుప చాకును ఒక నిమిషం ముంచి తీయండి. చాకు మీద ఎర్రని రాగి పూత పడితే సున్నం చాలలేదని, మరికొంత సున్నపు తేట కలపాలని అర్థం. ఆ రోజు కలిపినది ఆ రోజే వాడేయాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీటితో ముద్దగా కలిపి పూయవచ్చు; మిగిలిన కొమ్మల మీద లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున పిచికారీ చేయవచ్చు.

కొమ్మ మీద మొలిచి చెట్టు సారాన్ని పీల్చే పరాన్న మొక్క బదనిక కనబడితే దాని రెమ్మలు మాత్రం తుంచితే మళ్ళీ వస్తుంది, అది అతుక్కున్న చోటుకు కింద కొమ్మతో సహా కోయాలి. పండు పండక ముందే ఆ పని చేయాలి, ఎందుకంటే పక్షులు ఆ గింజలను వేరే కొమ్మలకు చేరవేస్తాయి. చెద మట్టి మాత్రం కంగారు పెట్టవలసినది కాదు. చెద ఎక్కువగా చచ్చిన బెరడునే తింటుంది. మట్టి గీకేసి, కింద బెరడు ఎందుకు చచ్చిందో వెతకండి.

జబ్బు చెట్టుకు బలం కోసమని యూరియా వేయవద్దు. దెబ్బతిన్న వేరు దాన్ని తీసుకోలేదు, పైగా లేత చిగురును బలవంతంగా తెప్పించినట్లవుతుంది. నీళ్ళు మాను మొదట్లో కాక, కొమ్మల నీడ అంచు పడే చోట పాదు చేసి పోయాలి, నీరు పీల్చే పిల్లవేర్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కితే ఉండ కడుతున్నంత కాలం నీళ్ళు అక్కరలేదు. ఎండుటాకులు పాదులో పరచండి, మానుకు మాత్రం తగలనీయవద్దు. ఫలితం కోసం ఒక వానాకాలం ఓపిక పట్టాలి. కారణం తేలకపోతే ఎండిన, పచ్చి భాగాలు రెండూ ఉన్న కొమ్మ ముక్కనూ ఫోటోలనూ తీసుకుని దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళండి. మామిడి మీద పనిచేసే పరిశోధన కేంద్రాలు సంగారెడ్డిలోనూ నూజివీడులోనూ ఉన్నాయి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు తెలుగులోనే అడగవచ్చు.

కొన్ని చెట్లను వదులుకోక తప్పదు. మానును చెక్క సుత్తితో తడితే డొల్ల మోత వినబడినా, మొదట్లో గొడుగుల్లాంటి బూజు అట్టలు లేచినా, చెట్టు ఇటీవలే ఒరిగి వేర్ల వద్ద నేల పగిలినా, ఇల్లూ మనుషులూ తిరిగే చోట దాన్ని ఉంచడం ప్రమాదం. నరికే ముందు మున్సిపాలిటీలోగాని అటవీ శాఖ కార్యాలయంలోగాని కనుక్కోండి, నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి అవసరం కావచ్చు. కరెంటు తీగలకు దగ్గరగా ఉంటే ముందుగా విద్యుత్ శాఖకు చెప్పి సరఫరా ఆపించాలి. పురుగు పట్టిన దుంగలను పెరట్లో పేర్చి ఉంచవద్దు. లోపలి పురుగు తొలకరి వేళకు పొడవాటి మీసాల పెంకు పురుగై బయటికి వచ్చి పక్కింటి మామిడి మీద గుడ్లు పెడుతుంది. అందుకే ఆ దుంగలను జూన్ లోపే చీల్చి పొయ్యిలోకి వాడేయాలి.