ఎన్నారైల డివిడెండ్‌పై పన్ను ఒప్పందం రేటు పొందడం ఎలా?

విదేశాల్లో ఉంటున్న వాటాదారుకు మన దేశ కంపెనీ డివిడెండ్ ఇచ్చేటప్పుడు 20 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు, మొత్తం 20.8 శాతం టీడీఎస్ కింద కోస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఇదే పద్ధతి. అంతకుముందు డివిడెండ్ పంపిణీ పన్ను కంపెనీయే కట్టేది.

1. ముందు, ఒకే ఆదాయంపై రెండు దేశాల్లో పన్ను పడకుండా మీరుంటున్న దేశంతో మన దేశానికి ఉన్న ఒప్పందం (డీటీఏఏ) రేటు చూడండి. డివిడెండ్ సంగతి సాధారణంగా 10వ అధికరణంలో, బ్రిటన్ ఒప్పందంలో 11వ దాంట్లో ఉంటుంది. యూఏఈకి 10 శాతం, బ్రిటన్‌కు మామూలు కంపెనీ షేర్లపై 10, సింగపూర్‌లోని వ్యక్తులకు 15. ఒప్పందం రేటుపై సర్‌ఛార్జి (ఎక్కువ ఆదాయం ఉన్నవారిపై పడే అదనపు పన్ను), సెస్సు పడవు. లక్ష రూపాయల డివిడెండ్‌కు దుబాయ్‌లో ఉన్నవారికి 20,800 బదులు 10,000 పోతుంది.

అమెరికాలోని మనవాళ్లు పొరబడేది ఇక్కడే. ఆ ఒప్పందంలో వ్యక్తులకు రేటు 25 శాతం. 15 శాతం అనేది కనీసం 10 శాతం ఓటింగ్ వాటా ఉన్న కంపెనీలకే. గరిష్ఠ సర్‌ఛార్జి 15 శాతం పడినా మన చట్టం ప్రకారం పన్ను 23.92 శాతం దాటదు. రెండింట్లో తక్కువది ఎంచుకునే హక్కు చట్టమే ఇచ్చింది కాబట్టి ఒప్పందం జోలికి వెళ్లకండి. ఇక్కడ కోసిన పన్నుకు అమెరికా రిటర్నులో ఫారం 1116తో క్రెడిట్ అడగండి.

2. డీమ్యాట్, బ్యాంకు ఖాతాలను ఎన్నారై హోదాకు మార్పించండి. రికార్డుల్లో ఇంకా రెసిడెంట్ అని ఉంటే, మిగతా కాగితాలు ఎంత పక్కాగా ఉన్నా తిప్పి పంపేస్తారు.

3. అక్కడి పన్ను శాఖ నుంచి నివాస ధ్రువపత్రం (టీఆర్‌సీ) తీసుకోండి. అందులోని కాలం డివిడెండ్ తేదీని కలుపుకోవాలి. 2025 క్యాలెండర్ సంవత్సరానికి ఇచ్చిన పత్రం 2026 ఫిబ్రవరి డివిడెండ్‌కు చెల్లదు, మనకు అదే ఆర్థిక సంవత్సరం అయినా సరే. ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఈ తేడా దగ్గరే.

4. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ విదేశీ నివాస వివరాలు తెలిపే ఫారం 10ఎఫ్ నింపండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, ఫారాల నంబర్లు మారాయి. కంపెనీ నోటీసులో అడిగిన ఫారమే ఇవ్వండి. షేర్ల అసలు యజమాని మీరేననీ, భారత్‌లో మీకు శాశ్వత వ్యాపార స్థావరం లేదనీ డిక్లరేషన్ జతచేసి, పాన్‌తో సహా అన్నీ కంపెనీ చెప్పిన గడువులోగా రిజిస్ట్రార్ (కంపెనీ తరఫున వాటాదారుల రికార్డులు చూసే సంస్థ) వెబ్‌సైట్‌లో పెట్టండి.

గడువు దాటితే కోసిన సొమ్మును కంపెనీ వెనక్కివ్వదు. మీ పేరిట కోసిన పన్ను లెక్క చూపే ఫారం 26ఏఎస్‌లో టీడీఎస్ సరిచూసుకుని, రిటర్నులో ఒప్పందం రేటు చూపి రీఫండ్ అడగాలి. తక్కువ రేటుకే కోయించుకున్నా రిటర్ను సంగతి మరవద్దు: డివిడెండ్ తప్ప వేరే ఆదాయం లేని ఎన్నారైకి చట్టం ఇచ్చిన రిటర్ను మినహాయింపు, పూర్తి రేటుకు టీడీఎస్ కోసినప్పుడే వర్తిస్తుంది.