జంతువుల పేర్లతో పిల్లలకు అక్షరాల శబ్దాలు నేర్పడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో మా పక్కింటి పాపకు నాలుగేళ్లు. గోడమీది చార్టు చూసి ‘ఆ ఆవు, ఈ ఈగ, ఉ ఉడత’ అని తడుముకోకుండా అప్పజెబుతుంది. ఒకరోజు “ఎండ అనే మాట ఏ శబ్దంతో మొదలవుతుంది బంగారం?” అని అడిగాను. కాసేపు ఆలోచించి “సూర్యుడు” అంది.

పిల్ల తప్పేం లేదు. మాట వినగానే ఆ వయసు పిల్లల మనసు అర్థం మీదికి పోతుంది. అందుకే అక్షరం చూపించేముందు శబ్దాన్ని చెవికి అలవాటు చేయాలి. దానికి జంతువుల పేర్లు భలే పనికొస్తాయి. పిల్లలకు అవంటే ఇష్టం, వీధిలోకి వస్తే నాలుగైదు ఎదురవుతాయి. మూడేళ్లు దాటిన పిల్లలతో రోజుకు పది నిమిషాలు కూర్చుంటే చాలు.

మొదట చప్పట్లు

పలక, పుస్తకం పక్కన పెట్టేయండి. ‘ఆ-వు’ అంటూ రెండు చప్పట్లు, ‘ఉ-డ-త’ అంటూ మూడు. తెలుగు మాట అక్షరం అక్షరంగా సులువుగా విడిపోతుంది కాబట్టి ఇది త్వరగానే పట్టుబడుతుంది. ఒత్తున్న మాటల దగ్గర మాత్రం తొందరపడకండి. పిల్లి అంటే ‘పిల్-లి’, రెండే చప్పట్లు. జంతువు పెద్దదైతే చప్పట్లు కూడా ఎక్కువే ఉంటాయని చాలామంది పిల్లలు అనుకుంటారు. పులికి రెండు, బుల్లి ఉడతకు మూడు వెంటవెంటనే కొట్టించండి. ఆ ఆశ్చర్యంలోనే మాట వేరు, జంతువు వేరు అని తెలుస్తుంది.

తర్వాత అద్దం

మేక, ముంగిస, మొసలి, మిడత. ఈ నాలుగూ అద్దం ముందు నిలబెట్టి పలికించండి. ప్రతిసారీ ముందు పెదాలు మూసుకుంటాయి. కాకి, కోతి, కుందేలు అంటే మూసుకోవు, నాలుక వెనక భాగం పైకి లేచి అంగిలికి తగులుతుంది. ఇక రెండు బుట్టలు పెట్టి, ఒకటి మేక బుట్ట, ఇంకొకటి కాకి బుట్ట అని చెప్పి బొమ్మలు వేయించండి. కొండపల్లి బొమ్మలైనా సరే, పత్రికలో కత్తిరించిన బొమ్మలైనా సరే. ‘మే’ వేరు, ‘ము’ వేరు కదా అని పెద్దవాళ్లకు అనుమానం వస్తుంది. గుణింతం గొడవ ఇప్పుడే వద్దు, పెదాల గుర్తు చాలు.

పొట్టి, పొడుగు

ఎలుక, ఏనుగు జంట నాకు ఎంతో ఇష్టం. చిన్న ఎలుకకు పొట్టి ‘ఎ’, పెద్ద ఏనుగుకు పొడుగు ‘ఏ’. ఎలుకకు చిటికె వేయించండి, ఏనుగుకు తొండంలా చెయ్యి చాపించండి. ఇక్కడో చిక్కుంది. మాట్లాడేటప్పుడు మనం ‘యెలుక’, ‘యేనుగు’, ‘వొంటె’ అంటాం. పాప “య తో మొదలైంది” అంటే కోప్పడకండి, ఆ చెవి సరిగ్గానే విన్నది. మెచ్చుకుని, మీరు ‘ఎ’ అని నిదానంగా పలికి వినిపించండి.

అప్పుడు అక్షరం

పళ్లెంలో బియ్యం పోసి, శబ్దం పలుకుతూ వేలితో దిద్దించండి. ఆవు, ఈగ, ఉడతలతో మొదలుపెడితే పేరులో వినబడిన శబ్దమే అక్షరమై కనబడుతుంది. వారానికి రెండు మించొద్దు. ‘ఎ’, ‘ఏ’ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి వాటి మధ్య కొన్ని రోజులు ఎడం ఉంచండి.

ఇంగ్లిష్ ఫోనిక్స్‌కు

ఫోనిక్స్ అంటే అక్షరాలను వాటి శబ్దాలతో నేర్పే పద్ధతి. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ఆ అలవాటుతో ‘క్యాట్’ మన నోట్లో ‘క్యాటు’ అవుతుంది, ‘డాగ్’ ‘డాగు’ అవుతుంది. మూడు సీసా మూతలు వరసగా పెట్టండి. ‘హెన్’ అంటూ ఒక్కో శబ్దానికి ఒక్కో మూత జరపాలి: హ్, ఎ, న్. నాలుగో మూత లేదు కాబట్టి చివర ‘ఉ’కు చోటుండదు. తర్వాత పిగ్, క్యాట్. ‘సీ’ అనేది అక్షరం పేరు, క్యాట్‌లో దాని శబ్దం ‘క్’. ముందు శబ్దం చెప్పండి, పేరు తర్వాత.

వచ్చిందో లేదో చూడాలంటే జంతువులను దాటి అడగాలి. నెల తర్వాత మా పక్కింటి పాపను “మేకలాగా మొదలయ్యే ఇంకో మాట చెప్పు” అన్నాను. అద్దం లేకుండానే పెదాలు బిగించి చూసుకుంది. “మ్... మ్... మిరపకాయ!”