మూర్ఛకు కన్నాబిడియోల్: మొదలుపెట్టే ముందు, వాడుతున్నప్పుడు

రెండు మూడు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగని పిల్లల తల్లిదండ్రులు గంజాయి నూనె మాట వినగానే ఆశపడటం సహజం. ఆ ఆశకు ఆధారం ఉంది. అయితే అది గంజాయికంతటికీ కాక, ఆ మొక్కలో ఉండే కన్నాబిడియోల్ అనే ఒక్క పదార్థానికి సంబంధించినది. గంజాయిలోనే ఉండే మరో పదార్థం, మత్తు కలిగించే టీహెచ్‌సీ, ఎదిగే మెదడుకు హాని చేయగలదు కాబట్టి భంగు గానీ, ఇంట్లో తీసిన గంజాయి నూనె గానీ దీనికి బదులు కావు.

ముందుగా బిడ్డది ఏ రకం మూర్ఛో న్యూరాలజిస్టుతో తేల్చుకోండి. శుద్ధి చేసిన కన్నాబిడియోల్ మందు ఎపిడియోలెక్స్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో డ్రావే, లెన్నాక్స్-గస్టో సిండ్రోమ్‌లకు (చిన్నతనంలో మొదలయ్యే రెండు తీవ్రమైన మూర్ఛ రకాలు), 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ (మెదడు వంటి అవయవాల్లో గడ్డలు కట్టే జన్యు జబ్బు) వల్ల వచ్చే ఫిట్స్‌కు అనుమతి ఇచ్చింది. 2017లో వెలువడిన డ్రావే పరిశోధనలో 120 మంది పాల్గొనగా, మందు తీసుకున్నవారిలో నెలవారీ ఫిట్స్ మధ్యగత సంఖ్య 12.4 నుంచి 5.9కి దిగింది, మందు లేని ద్రావణం తీసుకున్నవారిలో 14.9 నుంచి 14.1కి మాత్రమే తగ్గింది. పూర్తిగా ఆగినవారు నూటికి అయిదుగురే. డ్రావే అనుమానం ఉంటే, దానికి ఎక్కువగా మూలమైన లోపాన్ని చూసే ఎస్‌సీఎన్1ఏ జన్యు పరీక్ష గురించి అడగండి. కార్బమజెపిన్ వంటి కొన్ని మూర్ఛ మందులు ఆ జబ్బులో ఫిట్స్‌ను పెంచగలవు, కాబట్టి కొత్త మందు కలపడం కన్నా ముందు ఉన్న మందును సరిచూడటమే మేలు కావచ్చు.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. సాధారణంగా కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండు పూటలా మొదలుపెట్టి, వారం తర్వాత రెట్టింపు చేస్తారు. ఎపిడియోలెక్స్ మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటుంది గనుక 20 కిలోల బిడ్డకు మొదటి వారం పూటకు అర మిల్లీలీటరు సరిపోతుంది. అదే 30 మిల్లీలీటర్ల సీసా మొత్తంలో 300 మిల్లీగ్రాములే ఉన్న నూనె ఆన్‌లైన్‌లో కొంటే, పూటకు 5 మిల్లీలీటర్లు పట్టి సీసా మూడు రోజుల్లో అయిపోతుంది. రోజుకు నాలుగు చుక్కలు వేసి ‘పనిచేయలేదు’ అనుకునేవారు అసలు చికిత్స మోతాదు దరిదాపులకైనా వెళ్లలేదన్నమాట. పైగా అలాంటి సీసాల్లో లేబుల్‌పై రాసినంత ఉంటుందన్న హామీ లేదు.

ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ డాక్టరుకు తప్పక చూపించండి, ఎందుకంటే అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. కన్నాబిడియోల్, క్లోబజామ్ అనే మూర్ఛ మందు నుంచి ఒంట్లో ఏర్పడే పదార్థాన్ని రక్తంలో దాదాపు మూడు రెట్లు పెంచుతుంది. బిడ్డ పగలంతా మగతగా ఉంటే క్లోబజామ్ తగ్గించాల్సి రావచ్చు. మరో మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయ ఎంజైములు పెరిగే అవకాశం ఎక్కువ, కాబట్టి మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత ఒకటి, మూడు, ఆరు నెలలకు రక్తపరీక్షలు చేయించాలి. ఆకలి మందగించడం, విరేచనాలు కూడా కనిపిస్తాయి. ద్రావణంలో నువ్వుల నూనె ఉంటుంది. నువ్వులు పడని పిల్లలకు ఇవ్వకూడదు.

నెయ్యి, నూనె ఎక్కువగా ఉన్న భోజనంతో ఇస్తే మందు ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. ఒక రోజు పరగడుపున, మరో రోజు పూరీలు తిన్నాక ఇవ్వకుండా, రోజూ ఒకే తీరు భోజనంతో ఇవ్వండి.

మందుకు ముందు నెల రోజుల ఫిట్స్‌ను రకం, సమయం, ఎంతసేపు అన్న వివరాలతో పుస్తకంలో రాసి, తర్వాతి నెలలతో పోల్చండి. మేలు కనిపించకపోయినా ఒక్కసారిగా మానేయకండి. ఫిట్స్ విజృంభించకుండా డాక్టరు చెప్పిన వరుసలో మెల్లగా తగ్గించాలి.