యుగళగీతం పాడబోయే ఇద్దరికి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి ముందుగదిలో సాయంత్రాలు పాట నేర్పుతాను. వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పెళ్లిళ్లలో, వినాయకుడి పందిళ్లలో కొత్త పాటలు జంటగా పాడాలని వాళ్ల కోరిక. ఫోనులో ట్రాక్, అంటే గొంతు లేని వాద్యసంగీతం, పెట్టుకుని ఎవరి భాగం వాళ్లు కంఠస్థం చేసి వస్తారు. నేను మాత్రం ముందు శ్రుతి, అంటే పాటకు ఆధారమైన ‘స’ ఎంత ఎత్తులో ఉండాలో, తేల్చుకోమంటాను. దాన్ని అంకెలతో చెబుతాం, అంకె పెరిగితే ఎత్తు పెరిగినట్టు.

మగగొంతుకు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతులు హాయిగా ఉంటాయి. ఆడగొంతుకు అయిదు, అయిదున్నర. పాట ఒక్కటే కాబట్టి ఎవరో ఒకరు ఇబ్బంది పడతారు. పోయిన ఏడాది ఒక పందిట్లో అబ్బాయికి కుదిరిన ట్రాకునే వేశారు. చరణంలో కింది స్వరాల దగ్గర అమ్మాయి నోటి నుంచి గాలి తప్ప నాదం రాలేదు. అంత చక్కని గొంతు అలా అణిగిపోతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. అందుకే పాటలో అన్నిటికన్నా కింది స్వరాన్ని, పై స్వరాన్ని కీబోర్డు మీద గుర్తుపట్టండి. వాటిని ఇద్దరూ మాటలతోనే పాడి చూసుకోండి. స నుంచి పై స దాకా ఒక స్థాయి, దానికి 12 మెట్లు. ట్రాకును ఒక్కో మెట్టే జరుపుతూ ఇద్దరికీ ఓర్చుకోదగ్గ చోట ఆపండి. అప్పటికీ అందని వాక్యం ఉంటే రెండోవాళ్లకు ఇచ్చేయండి.

తర్వాత సాహిత్యం. మా వైపు పిల్లలు తెలుగు పాటను ఒడియా లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో ఎ, ఏలకు వేర్వేరు అక్షరాలు లేవు, ఒ, ఓలకూ లేవు. ఒక అమ్మాయి ‘నెల’ అన్నచోట ‘నేల’ అని సాగదీస్తోంది. ఆపితే, “అక్కా, రాసింది రాసినట్టే పాడుతున్నాను కదా” అంది. కాగితం చూస్తే నిజమే, రెండు మాటలూ ఒకేలా ఉన్నాయి. పక్కన అబ్బాయి తెలుగు చదివినవాడు, పొట్టిగా ముగించాడు. తాళం ఒకటే అయినా మాట రెండుగా చీలింది. అప్పటి నుంచి దీర్ఘం ఉన్న ప్రతి అక్షరం మీదా ఎర్ర పెన్సిలుతో గీత పెట్టిస్తున్నాను. ‘కొన’కు గీత ఉండదు, ‘కోన’కు ఉంటుంది.

ముగింపులూ అంతే ముఖ్యం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి చివరి అచ్చును ఇద్దరూ ఒకే మాత్ర దగ్గర వదలాలి. ఎన్ని మాత్రలో కాగితం మీద అంకె వేసుకోండి. ఊపిరి ఎక్కడ తీయాలో కూడా గుర్తు పెట్టుకోండి. ఒకరి వాక్యం ముగియకముందే రెండోవారు చప్పుడు కాకుండా ఊపిరి నింపుకోవాలి.

కలిసి పాడేచోట ఒకరు స రి గ అంటుంటే మరొకరు గ మ ప అనడం ఈనాటి పాటల్లో మామూలు. శాస్త్రీయం నేర్చినవారికి గమకం, అంటే స్వరాన్ని ఊపడం, వదలడం కష్టం. కానీ ఇద్దరూ స్వరాన్ని ఊపితే రెండూ కలగాపులగం అవుతాయి. అసలు వరుస పట్టినవారు కొద్దిగా ఊపవచ్చు, జత స్వరం పట్టినవారు నిలకడగా, ఒక పాలు తక్కువ గొంతుతో పాడాలి. అలాగే దొంగ గొంతు, అంటే పై స్వరాల కోసం సన్నగా మార్చి తీసే గొంతు. కచేరీలో దాన్ని నేనూ ఒప్పుకోను. ఈ పాటల్లో మాత్రం పై స్వరాలను అరిచి అందుకోవడం కన్నా అలా తేలికగా తాకడమే అందం. ‘ఊ’ అంటూ కిందినుంచి పైకి జారుతూ రోజూ పది నిమిషాలు సాధన చేస్తే, గొంతు మారే చోట విరుపు వినిపించదు.

మైకు జాలీని గుప్పిటతో మూయకండి, కూత పెడుతుంది. మెల్లగా పాడేటప్పుడు రెండు వేళ్ల దూరం, గొంతు ఎత్తినప్పుడు జానెడు. ప, బ, భ ఉన్న మాటలకు కాస్త పక్కకు తిప్పుకుంటే చాలు.

చివరి వారం ట్రాకు ఆపేసి, నేల మీద వీపులు ఆనించుకుని కూర్చుని పాడండి. అవతలివారి ఊపిరి మీ వీపుకే తెలుస్తుంది. అది తెలిశాకే లేచి నిలబడి, మళ్లీ ట్రాకుతో పాడండి.