టీచర్లకు ఆన్‌లైన్ శిక్షణ పెడుతున్నారా? రేపటి ఫస్ట్ పీరియడ్ నుంచి మొదలెట్టండి

నేను లెక్కల టీచర్ని. శిక్షణల్లో బోలెడన్నిసార్లు కూర్చున్నాను, ఇప్పుడు ఇస్తున్నాను కూడా. టీచరు మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: రేపు పొద్దున్న ఫస్ట్ పీరియడ్‌లో దీంతో ఏం చెయ్యాలి? సెషన్ తయారుచేసేటప్పుడు ముందు దానికి జవాబు రాసుకోండి, స్లైడ్లు తర్వాత.

"నిర్మాణాత్మక మూల్యాంకనం: భావన, లక్ష్యాలు" అని మొదలెడితే సగం మంది మ్యూట్‌లో పెట్టేసి పేపర్లు దిద్దుకుంటారు. వాళ్లను నేనైతే తప్పుపట్టను. దాని బదులు పిల్లల నోట్‌బుక్ పేజీ ఒకటి ఫోటో తీసి, పేరు కనపడకుండా స్క్రీన్ మీద పెట్టండి: 1/2 + 1/3 = 2/5. లవాలు లవాలు, హారాలు హారాలు కూడేశాడు. తప్పేమిటని అడక్కండి, అది అందరికీ తెలుసు. "ఇప్పుడు వీణ్ణి ఏం అడుగుతారు?" అనండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చాట్‌లో రాయాలి. ఒకరు బొమ్మ గీయిస్తానంటారు. ఒకరు క.సా.గు. మళ్లీ చెప్తానంటారు. ఇంకొకరు, "2/5 సగం కంటే తక్కువే కదా, సగానికి ఇంకాస్త కలిపితే తగ్గిందేంట్రా?" అని రాస్తారు. అక్కడ ఆగండి. మిగతా సెషనంతా ఆ ప్రశ్న మీదే నడవనివ్వండి. స్లైడ్లు మిగిలిపోతే పోనీండి.

ఆ ప్రశ్నను వారంలోగా క్లాసులో అడిగి, పిల్లలు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాసుకురమ్మనండి. అది వినడానికి రెండో సెషన్ లేకపోతే మొదటిది పెట్టడమే దండగ. టీచరు నమ్మకం మారేది ఉపన్యాసం విన్నాక కాదు, తన పిల్లల్లో తేడా కనిపించాకేనని అమెరికా విద్యా పరిశోధకుడు థామస్ గస్కీ 1986లోనే వాదించాడు. స్టాఫ్‌రూమ్‌లో ఎవర్ని అడిగినా అదే మాట.

వీడియోలు పొట్టిగా ఉండాలి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడుగున్నా చూసిన సమయం మధ్యగతం 6 నిమిషాలు దాటలేదు. గంట రికార్డింగును ముక్కలు చేసి, లోపల ఏముందో తెలిసే పేర్లు పెట్టండి. "పార్ట్ 3" అంటే ఎవరికి ఏం తెలుస్తుంది?

కెమెరా ఆన్‌లో ఉండాలన్న నియమం వద్దు. చాట్‌లో రాసిన ప్రశ్నే హాజరు. సర్టిఫికెట్ మాత్రం నాన్చకుండా ఇచ్చెయ్యండి.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో నక్షత్రాలు అడక్కండి. "వచ్చే వారం ఏ పాఠం చెప్పబోతున్నారు?" అని ఒక్క ప్రశ్న చాలు. తర్వాతి సెషన్‌కి పాఠం ఆ జవాబుల్లోంచే తీసుకోండి.