ఎయిర్ ఫిల్టర్ మార్చాక బండి మొరాయిస్తోందా? జెట్ మార్చే ముందు ఇవి చూడండి

పోయిన నెల బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి కడప కుర్రాడొకడు బండి తెచ్చాడు. "అన్నా, పర్ఫార్మెన్స్ ఫిల్టర్ వేయించినప్పటి నుంచి అరవై దాటడం లేదు. మెయిన్ జెట్ రెండుసార్లు మార్పించాను, అయినా అంతే" అన్నాడు. జెట్ అంటే గాలి, పెట్రోలు కలిపే కార్బరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రం ఉన్న ముక్క. సీటు ఎత్తి చూశాను. బండి తుడుచుకునే పసుపు గుడ్డ ఫిల్టర్ డబ్బా గాలి పీల్చే ముక్కుకు అతుక్కుపోయి ఉంది. ఇంజిన్ లాగిన చోటల్లా గుడ్డ మీద గుండ్రంగా నల్లటి మరక. గుడ్డ తీసేసి, పాత జెట్ మళ్లీ బిగించి, రింగ్ రోడ్డు దాకా వెళ్లి రమ్మన్నాను. బండి మామూలైపోయింది.

ఇలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. ఫిల్టర్ విప్పి పెట్టడం, స్పార్క్ ప్లగ్గు తీసి చూడడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను. ఒక్కటే కోరతాను: ఏ లక్షణం కనిపించినా ముందు సీటు ఎత్తండి, ఫిల్టర్ మూత తీయండి, కళ్లతో చూడండి. గుడ్డ, పాలిథిన్ కవర్, సెల్లార్లలో ఎలుకలు పెట్టిన గూడు, సరిగ్గా కూర్చోని ఫిల్టర్ అంచు అన్నీ రెండు నిమిషాల్లో బయటపడతాయి.

పూర్తిగా లాగినా పికప్ లేదు, మైలేజ్ పడిపోయింది, ప్లగ్గు మసిపట్టింది

గాలి చాలడం లేదు. పైన చెప్పిన అడ్డాలేవీ లేకపోతే ఫిల్టరే మూసుకుపోయి ఉంటుంది. మెట్రో పనుల పక్కన, సర్జాపూర్ వైపు మట్టి లారీల వెనక రోజూ తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు వర్తించవు. అందులో సగానికే తీసి చూడండి.

కడిగే తీరులోనే చాలామంది పాడు చేసుకుంటారు. హోండా బండ్లలో ఎక్కువగా వచ్చే జిడ్డు కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, గాలి కొట్టకూడదు. ఆ గోధుమరంగు జిడ్డు మురికి కాదు, దుమ్మును పట్టడానికి కంపెనీ వేసిన నూనె. పాడైతే కొత్తది వేయడమే. కాటన్ ఫిల్టర్‌ను దాని క్లీనర్‌తోనే కడిగి, నీళ్లు లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా వదలాలి. నీడలో పూర్తిగా ఆరాకే నూనె వేయాలి. నూనె ఎక్కువైతే ఆ ఫిల్టర్ కూడా మూసుకుపోయినదానితో సమానం. కాటన్‌ను పెట్రోలుతో కడిగి తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

కొత్త ఫిల్టర్ వేశాక మధ్యలో ఆగి ఆగి లాగుతోంది, ప్లగ్గు తెల్లగా ఉంది

గాలి పెరిగింది, దానికి తగ్గ పెట్రోలు అందడం లేదు. కంపెనీ డబ్బాలోనే కూర్చునే ఫిల్టర్ అయితే 150 సీసీ బండికి జెట్ మార్చాల్సిన అవసరం చాలా అరుదు. డబ్బా పీకేసి, గరాటు ఆకారంలో బయటికి వేలాడే కోన్ ఫిల్టర్ తగిలిస్తేనే ఈ గొడవంతా. థ్రాటిల్ (యాక్సిలరేటర్) పావు వంతు లోపు తేడా ఉంటే పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో పెట్రోలు వదిలే చిన్న జెట్), గాలి స్క్రూ చూడండి. మధ్యలో ఉంటే నీడిల్ క్లిప్ (పెట్రోలు దారిలో లేచే సూది ఎత్తును మార్చే క్లిప్పు), ముప్పావు దాటాక ఉంటే మెయిన్ జెట్. ఒకసారికి ఒక్కటే మార్చండి. ప్లగ్గు మారీ బిస్కెట్ రంగుకు వస్తే చాలు.

చెన్నైలో స్నేహితుడికి సరిపోయిన జెట్ నంబరు అడిగి ఇక్కడ వేయకండి. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తు. ఇక్కడి గాలి పదో వంతు దాకా పలచన. అక్కడ సరిపోయింది ఇక్కడ పెట్రోలు ఎక్కువ పోస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి కోన్ వద్దు. శబ్దం పెరుగుతుంది కాబట్టి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. కంపెనీ డబ్బా చల్లటి గాలి పీలుస్తుంది, కోన్ ఇంజిన్ వెనక వేడి గాలి పీలుస్తుంది. గాలి దారిని తెరిచే స్లైడ్ ఇంజిన్ పీల్పుతో (వాక్యూమ్‌తో) లేచే కార్బరేటర్లకు డబ్బా తీసేస్తే మధ్య థ్రాటిల్‌లో పికప్‌కు పడే గుంట ఏ జెట్‌తోనూ పూర్తిగా పూడదు.

చల్లగా ఉన్నప్పుడు బాగుంది, వేడెక్కాక ఐడిలింగ్ నిలవడం లేదు, థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో టప్ టప్

ఇక్కడ ఆగి చదవండి. నన్ను ఏడిపించింది ఇదే.

నా పాత 150 సీసీ బండికి కోన్ వేసిన కొత్తలో హార్స్‌లీ హిల్స్‌కి బయల్దేరాను. చింతామణి దాటాక టీ కోసం ఆపితే థ్రాటిల్ వదిలినా ఇంజిన్ అరుస్తూనే ఉంది. ఐడిలింగ్ స్క్రూ తగ్గించాను. కాస్త చల్లబడగానే ఆగిపోయింది. ఇంటికొచ్చి మెయిన్ జెట్ 112 నుంచి 115కి, ఆ తర్వాత 120కి మార్చాను. ప్లగ్గు ఒకరోజు తెలుపు, ఒకరోజు నలుపు. కార్బరేటర్ నాలుగుసార్లు విప్పాను. దాదాపు మూడు వారాలు ఆఫీసుకు బస్సులో వెళ్లాను.

అసలు జబ్బు కార్బరేటర్‌లో లేదు. కార్బరేటర్‌కు, ఇంజిన్ హెడ్‌కు మధ్య ఉండే మేనిఫోల్డ్ రబ్బరు అడుగున చీలింది. పైనుంచి చూస్తే నిగనిగలాడుతోంది. విప్పి చేతిలోకి తీసుకుని, వేళ్లతో వెనక్కి వంచితే అప్పుడు నోరు తెరిచింది, వేలి గోరంత చీలిక. ఇంజిన్ ఆ దారిన దొంగగాలి తాగుతోంది. వేడికి రబ్బరు మెత్తబడినప్పుడు చీలిక విచ్చుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. అందుకే లక్షణం వస్తూ పోతూ ఉంటుంది, మనం జెట్‌ను అనుమానిస్తాం.

ఇది ఫిల్టర్ మార్చాకే ఎందుకు వస్తుందో కూడా చూడండి. కంపెనీ బిగింపులో కార్బరేటర్‌కు ముందు మేనిఫోల్డ్, వెనక ఫిల్టర్ డబ్బా రబ్బరు, రెండు వైపులా ఆధారం. డబ్బా తీసేశాక కార్బరేటర్ బరువు, దానికి వేలాడే కోన్ బరువు మొత్తం ఆ ఒక్క రబ్బరు మీదే. ప్రతి గుంతకూ ఊగుతుంది. పైగా ఎండకు, వేడికి ఏళ్లుగా గట్టిపడ్డ రబ్బరును కార్బరేటర్ పీకేటప్పుడు మనమే మెలితిప్పుతాం. డబ్బా ఉంచినవాళ్లకూ ఇది రావచ్చు, కార్బరేటర్‌ను బలంగా లాగి ఉంటే.

పరీక్ష చాలా తేలిక. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో పెట్టండి. మొక్కలకు నీళ్లు కొట్టే స్ప్రే సీసా తీసుకుని మేనిఫోల్డ్ చుట్టూ, ముఖ్యంగా అడుగున, సన్నగా కొట్టండి. ఇంజిన్ శబ్దం ఒక్కసారి మారిందంటే చీలిక అక్కడే. కార్బరేటర్ క్లీనర్ కొట్టమని కొందరు చెబుతారు. కాలిపోతున్న ఇంజిన్ పక్కనే ఉంటుంది, నిప్పు అంటుకోవచ్చు. నీళ్లు చాలు. శబ్దం మారకపోయినా అనుమానం ఉంటే విప్పి వంచి చూడాల్సిందే.

దొరికితే కొత్త రబ్బరు వేయండి. జేసీ రోడ్‌లో చాలా బండ్లకు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఎం-సీల్, అరల్డైట్, పంక్చర్ సొల్యూషన్ ఏదీ పూయకండి. గట్టిపడేవి ఊగుడికి విరుగుతాయి, పంక్చర్ సొల్యూషన్ పెట్రోలుకు కరుగుతుంది. హెడ్ వైపు ఓ-రింగ్ (గాలి కారకుండా వేసే గుండ్రటి రబ్బరు) కూడా కొత్తదే వేయండి. రెండు బోల్టులూ కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోది అందుకుంటే అంచు ఒక పక్కకు కూర్చుంటుంది. కోన్ ఉంచాలనే ఉంటే కార్బరేటర్‌కు వెనక చిన్న బ్రాకెట్ ఆధారం పెట్టించండి. మేనిఫోల్డ్ మీద సన్నటి వాక్యూమ్ పైపు ఉండే బండ్లలో ఆ పైపు ఊడిందేమో, మూత పోయిందేమో కూడా చూడండి. అదీ దొంగగాలే.

ఆ తర్వాతే జెట్లు. నా బండిలో కొత్త రబ్బరు వేశాక 115 సరిపోయింది.

ఇంజెక్షన్ బండి (కార్బరేటర్ బదులు కంప్యూటర్ పెట్రోలు కొలిచేది), కోన్ వేశాక చెక్ ఇంజిన్ లైటు

కొన్ని బండ్లలో గాలి వేడి కొలిచే సెన్సర్ ఫిల్టర్ డబ్బాలోనే ఉంటుంది. డబ్బాతో పాటు దాన్నీ గాల్లో వేలాడదీస్తారు. తిరిగి సరైన చోట పెట్టండి. ఆక్సిజన్ సెన్సర్ మెల్లగా వెళ్లేటప్పుడు సర్దుతుంది కానీ పూర్తి థ్రాటిల్‌లో సాధారణంగా కంప్యూటర్ దాని మాట వినదు. అక్కడ మ్యాప్, అంటే ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటర్‌లో ఉండే పట్టిక, మార్చక తప్పదు.

వానలో ఆగిపోతోంది

కోన్ తడిసింది. డబ్బా తిరిగి పెట్టండి.

డబ్బా లోపల, ఫిల్టర్ దాటాక, వేలితో తుడిస్తే దుమ్ము అంటుతోంది

ఫిల్టర్ అంచు కూర్చోలేదు, లేదా డబ్బా మూత రబ్బరు పోయింది. ఆ దుమ్ము నేరుగా పిస్టన్ రింగులను అరగదీస్తుంది, కాబట్టి ఆరోజే సరిచేయండి. అంచుకు పలచగా గ్రీజు రాసి బిగిస్తే అతుకు బాగుంటుంది.

డయాఫ్రమ్ (స్లైడ్‌ను లేపే పలచటి రబ్బరు పొర) చిరగడం, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడడం లాంటివి ఉంటాయి కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి దగ్గరికి వెళ్లండి.