పెళ్లి క్యాసెట్ల కోసం పాత వీసీఆర్ కొంటున్నారా? చవకలో మంచిది పట్టుకునే పద్ధతి

బీరువా పై అరలో పెళ్లి క్యాసెట్లు, గృహప్రవేశం క్యాసెట్లు అలాగే ఉండిపోయాయి, వేసి చూసే మెషీన్ మాత్రం ఎప్పుడో పోయింది. చాలా ఇళ్లలో పరిస్థితి ఇదే. కొత్త వీసీఆర్ కొందామంటే తయారుచేసేవాళ్లు లేరు. చివరి వరకూ తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునై 2016 జూలైలో ఆపేసింది. అంటే ఇప్పుడు విజయవాడలో కొన్నా, గుంటూరులో కొన్నా చేతికొచ్చేది పాత మెషీనే. పాతవాటిలో తక్కువ ధరకి దొరికేవి చాలానే ఉంటాయి. టేపుని నలపకుండా నడిపేవి తక్కువ. ఆ రెండో రకాన్ని గుర్తుపట్టడమే అసలు పని.

ముందు ఒక లెక్క వేసుకోండి. క్యాసెట్లు మూడో నాలుగో ఉంటే మెషీన్ కొనకండి. టేపుల్ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చి ఇచ్చే స్టూడియోలో ఒక్కో క్యాసెట్‌కి ఎంతో కనుక్కుని ఇచ్చేయండి. పదికి మించి ఉంటే, స్టూడియో మొత్తం ఎంతవుతుందో చూసి, అందులో సగానికి మించకుండా మెషీన్ వెతకండి. మిగతా సగం రబ్బరు భాగాలకీ, శుభ్రం చేయించడానికీ, టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డుకీ ఉంచుకోవాలి. మొత్తం డబ్బు మెషీన్‌కే పెట్టేస్తే నెల తిరక్కుండా మెకానిక్ దగ్గర మళ్లీ చెయ్యి చాచాల్సి వస్తుంది.

ఏ రకం కావాలి

మన దగ్గర తీసిన పెళ్లి వీడియోలు మన టీవీల పద్ధతి అయిన పాల్‌లో, ఎస్‌పీ అనే మామూలు స్పీడులో ఉంటాయి. కాబట్టి మామూలు పాల్ మెషీన్ చాలు. అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్లు కూడా ఉంటే అవి అక్కడి పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి. వాటికి రెండు పద్ధతులూ ఆడించే మల్టీ సిస్టమ్ మెషీన్ కావాలి. గల్ఫ్ నుంచి వచ్చిన మెషీన్లలో ఈ రకం ఎక్కువ. అమెరికా నుంచే తెచ్చిన మెషీన్ అయితే తీసుకోవద్దు. అది నడిచేది 120 వోల్టుల మీద, పైగా మన పాల్ క్యాసెట్ వేస్తే బొమ్మ నిలబడదు.

రికార్డింగ్ అవసరం లేదనుకుంటే ప్లే మాత్రమే చేసే వీసీపీ అయినా సరిపోతుంది. టీవీ ఛానెళ్లు పట్టే ట్యూనర్ ఎలా ఉందో చూడక్కర్లేదు, ఇవాళ దానితో పని లేదు. టేపు మీది బొమ్మని చదివే హెడ్లు నాలుగున్నది దొరికితే మంచిదే. నిలిపి చూసినప్పుడు బొమ్మ శుభ్రంగా ఉంటుంది, ఎల్‌పీ అనే నెమ్మది స్పీడులో రికార్డయిన టేపులు కూడా బాగా ఆడతాయి. కానీ అరిగిన నాలుగు హెడ్ల మెషీన్ కంటే బాగున్న రెండు హెడ్ల మెషీన్ వెయ్యి రెట్లు నయం. మేలైన స్టీరియో ధ్వని ఇచ్చే హైఫై అని ఎక్కువ ధర చెబితే పట్టించుకోవద్దు. పెళ్లి వీడియోల్లో సన్నాయి, మంత్రాలు ఎక్కువగా టేపు పై అంచున ఉండే మామూలు మోనో ట్రాక్‌లోనే రికార్డయి ఉంటాయి.

ఎక్కడ వెతకాలి

పాత టీవీ మెకానిక్ షాపులు, అప్పట్లో పెళ్లిళ్లు తీసిన వీడియో స్టూడియోలు, ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్మేవాళ్లు. విజయవాడలో గవర్నర్‌పేట వైపు, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట వైపు నడిచి వెళ్లి అడగండి. ఫోన్లో "ఉందండీ, వర్కింగ్" అనే మాటకి విలువ లేదు.

మెషీన్ ఎక్కడిదో అడగడం మర్చిపోవద్దు. స్టూడియోలోనో వీడియో లైబ్రరీలోనో రోజూ గంటల తరబడి తిరిగినదైతే హెడ్లు అరిగి ఉంటాయి. ఇంట్లో ఉన్నదైతే హెడ్లు బాగానే ఉంటాయి గానీ, ఏళ్ల తరబడి కదలక రబ్బరు గట్టిపడి ఉంటుంది. రెండింట్లో ఇంటిదే తీసుకోండి. రబ్బరు మార్చొచ్చు, హెడ్ డ్రమ్ మార్చాలంటే మెషీన్ ధర దాటిపోతుంది.

విజయవాడలో ఇంకో జాగ్రత్త. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లలో మునిగిన మెషీన్‌ని పైపైన తుడిచి అమ్మితే బయటికి తెలియదు. మూత తీయించి టార్చి వేసి చూడండి. అడుగు రేకు మీద బురద గీత, స్క్రూల తలల మీద తుప్పు, సర్క్యూట్ బోర్డు మీద తెల్లటి, పచ్చటి పొక్కులు కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

షాపులోనే చేయాల్సిన పరీక్ష

మీ వెంట ఇవి ఉండాలి: పోయినా బాధ లేని క్యాసెట్లు రెండు, పసుపు-తెలుపు-ఎరుపు పిన్నుల ఏవీ వైరు, టార్చి, స్టార్ స్క్రూడ్రైవర్. అమ్మేవాళ్ల దగ్గర టీవీ ఉందో లేదో ముందే అడగండి. క్యాసెట్లు రెండూ వేర్వేరు చోట్ల రికార్డయినవై ఉండాలి. అమ్మేవాళ్లు చూపించే క్యాసెట్ ఆ మెషీన్‌లోనే రికార్డు చేసినదైతే, లోపల టేపు దారి వంకరగా ఉన్నా బొమ్మ చక్కగానే వస్తుంది. ఇంటికొచ్చి మీ పెళ్లి క్యాసెట్ వేశాక అడ్డ గీతలు మొదలవుతాయి. ఒక్క క్యాసెట్‌తో చూసి డబ్బు ఇచ్చేయడం వల్ల జరిగే నష్టం ఇదే. మీ అసలు పెళ్లి క్యాసెట్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ షాపుకి తీసుకెళ్లొద్దు.

ప్లగ్ తీసి, పైమూత విప్పించి మొదలుపెట్టండి. మధ్యలో వాలుగా కూర్చున్న వెండి రంగు గుండ్రటి డ్రమ్మే హెడ్ డ్రమ్. 62 మిల్లీమీటర్ల వ్యాసం, పాల్‌లో నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. వేలితో ముట్టుకోవద్దు. మెరుస్తూ ఉండాలి, గీతలు ఉండకూడదు. దాని కుడివైపు సన్నటి ఇనుప కడ్డీకి ఆనుకుని టేపుని లాగే నల్లటి రబ్బరు చక్రం పించ్ రోలర్. అది అద్దంలా నిగనిగలాడుతున్నా, పగుళ్లున్నా మార్చాల్సిందే. కింద బెల్టులు వదులుగా వేలాడుతున్నాయేమో చూడండి. పవర్ సప్లై భాగం జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. ప్లగ్ తీసినా అక్కడి కెపాసిటర్లలో ఎక్కువ వోల్టేజీ మిగిలి ఉండొచ్చు.

మూత తీసి ఉంచే క్యాసెట్ వేయించండి. ప్లే నొక్కాక నాలుగైదు సెకన్లలో టేపు డ్రమ్‌కి చుట్టుకుని బొమ్మ రావాలి. కనీసం పది నిమిషాలు ఆడనివ్వండి. ఆ పది నిమిషాల్లో కనిపించే ప్రతి లోపానికీ ఒక కారణం ఉంటుంది.

కొద్ది సెకన్లు ఆడి దానంతట అదే ఆగిపోతే, టేపుని చుట్టుకోవాల్సిన కుడి రీలు తిరగడం లేదన్నమాట. రీళ్లని తిప్పే ఐడ్లర్ చక్రం రబ్బరు గానీ బెల్టు గానీ జారుతోంది. టేపుని మింగే మెషీన్లు ఇవే, బయటికి తీస్తే క్యాసెట్ నోట్లోంచి టేపు వేలాడుతూ వస్తుంది. రబ్బరు మారిస్తే సర్దుకుంటుంది కాబట్టి ధర బాగా తగ్గిస్తే తీసుకోవచ్చు. మాట సాగుతున్నట్టు, పాట ఊగుతున్నట్టు వినిపిస్తే అనుమానం పించ్ రోలర్ మీద. క్యాసెట్‌ని లోపలికి లాక్కుని, తిరిగి బయటికి తోసి, ఆఫ్ అయిపోతే మెషీన్ ఏ దశలో ఉందో తెలిపే లోపలి మోడ్ స్విచ్‌కి మురికి పట్టి ఉండొచ్చు, అది శుభ్రం చేస్తే బాగయ్యే జబ్బే. బొమ్మ పైభాగం పక్కకి వంగుతుంటే టేపు బిగువు తేడా.

బొమ్మ నిండా చుక్కలు వస్తుంటే రెండు అవకాశాలున్నాయి: హెడ్ మురికిపట్టడం, హెడ్ అరిగిపోవడం. మెకానిక్ చేత అక్కడే శుభ్రం చేయించి మళ్లీ వేయించండి. రెండుసార్లు శుభ్రం చేశాక కూడా చుక్కలు పోకపోతే అది అరుగుదలే, వదిలేయండి. ఒక అడ్డపట్టీలా మాత్రమే గీతలుంటే ట్రాకింగ్ బటన్‌తో సర్దండి. రెండు క్యాసెట్లకీ పట్టీ పోతే సరే. ఒకదానికి పోయి, రెండోదానికి పోకపోతే టేపు దారి సర్దించాలి. అది అనుభవం ఉన్న చేతికి మాత్రమే అప్పగించాల్సిన పని.

తర్వాత మొదటి నుంచి చివరి దాకా ముందుకీ వెనక్కీ తిప్పించండి. మూడు గంటల ఇ-180 క్యాసెట్‌కి ఐదు నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది. చివర్లో మూలుగుతూ నెమ్మదించినా, ఆగిపోయినా మళ్లీ రబ్బరు సమస్యే. ఆఖరున క్యాసెట్ బయటికి తీసి, పక్కనున్న చిన్న బటన్ నొక్కి ముందు తలుపు ఎత్తి, ఆడిన భాగం టేపు అంచుల మీద టార్చి వేయండి. పై అంచు నలిగితే మాట పోతుంది. కింది అంచు నలిగితే మెషీన్ వేగాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ట్రాక్ పోయి బొమ్మే కుదురుగా నిలవదు. ఆడిన టేపు అంచు ముడత పడిందంటే బొమ్మ ఎంత బాగున్నా ఆ మెషీన్ వద్దు.

ఇంటికి తెచ్చాక

ఏసీ కారులో తెచ్చినా, వానలో తెచ్చినా వెంటనే ప్లగ్ పెట్టకండి. చల్లటి డ్రమ్ మీద తేమ పడితే టేపు అంటుకుపోతుంది. రెండు గంటలు అలా వదిలేయండి.

హెడ్ శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చమాయిస్ తోలు ముక్క కావాలి. ప్లగ్ తీసి, తడిపిన తోలుని డ్రమ్‌కి కదలకుండా ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్ పైభాగాన్ని మెల్లగా తిప్పండి. కదలాల్సింది డ్రమ్ ఒక్కటే. తోలుని కిందికీ పైకీ రుద్దితే హెడ్ చివర విరుగుతుంది. దూది పుల్లలు హెడ్ మీద వాడొద్దు, నూలు పోగు చిక్కుకుంటుంది. కరెన్సీ నోటుతో తుడవమని ఎవరైనా చెప్పినా వినొద్దు. టేపు తాకే ఇనుప కడ్డీలకీ, ఆడియో హెడ్‌కీ మాత్రం దూది పుల్ల వాడొచ్చు. ఆల్కహాల్ ఆరడానికి పావుగంట ఇవ్వండి.

క్యాసెట్లని కూడా ఒక్కొక్కటీ వెలుతురులో పట్టుకుని, దాని మీదున్న చిన్న కిటికీలోంచి టేపుని చూడండి. మన కృష్ణ ఒడ్డు ఉక్కకి బీరువాలో ఉన్నవాటికి బూజు తేలిగ్గా పడుతుంది. చుట్టిన టేపు మీద తెల్లటి పొడిలా, మరకల్లా కనిపిస్తుంది. అలాంటిదాన్ని మెషీన్‌లో వేశారంటే ఆ బూజు హెడ్‌కీ, తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ అంటుతుంది. వాటిని వేరే కవర్లో పెట్టి, బూజు తీసే పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. బాగున్న ప్రతి క్యాసెట్‌కీ వెన్ను మీదున్న ప్లాస్టిక్ రేకుని ముందే విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పెళ్లి చెరిగిపోదు. ఎప్పటినుంచో కదలని టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తెచ్చి, అప్పుడే ప్లే నొక్కండి.

కొత్త టీవీలకి పసుపు పిన్ను కన్నం లేకపోవచ్చు. కొన్నింటికి చిన్న జాక్‌లో పెట్టే ఏవీ అడాప్టర్ వైరు వస్తుంది, అదీ లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా తీసుకోండి. డబ్బా మీద పాల్, ఎన్‌టీఎస్‌సీ స్విచ్ ఉంటే పాల్ వైపు పెట్టాలి. కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు, సాఫ్ట్‌వేర్‌లో 720×576, సెకనుకి 25 ఫ్రేములు. సెకనుకి 8 మెగాబిట్ల నాణ్యతతో గంటకి 3.6 జీబీ అవుతుంది. మూడు గంటల క్యాసెట్ దాదాపు 11 జీబీ, అంటే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఐదు పడతాయి. కంప్యూటర్‌లో బొమ్మ కింది అంచున సన్నటి చిరుగు గీత కనిపిస్తే కంగారు పడొద్దు. ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మారే చోటు అది, వీహెచ్ఎస్ అనే ఈ రకం టేపులన్నిటికీ ఉంటుంది. అమెరికా క్యాసెట్లు మల్టీ సిస్టమ్‌లో టీవీకి రంగుల్లో వచ్చి, కార్డుకి నలుపు తెలుపులో వస్తే తప్పు టేపుది కాదు, మెషీన్ ఇచ్చే సిగ్నల్ కార్డుకి అందడం లేదు. వాటిని మాత్రం స్టూడియోకి ఇవ్వండి.

ఎక్కించే పని అన్నిటికంటే పాత క్యాసెట్‌తో కాకుండా, మనసుకి అంతగా దగ్గరకాని ఒకటి రెండు ఫంక్షన్లతో మొదలుపెట్టండి. మెషీన్ తీరు తెలిశాక, హెడ్ ఇంకోసారి తుడిచాక, పెళ్లి క్యాసెట్ వేయండి. పక్కనే కూర్చుని వేయండి, టేపు కీచుమన్న మరుక్షణం స్టాప్ నొక్కడానికి.